వార్ల పంచాయితీ

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, గాలి మాత్రం ఉంటుంది. ఉరవకొండ దగ్గర పల్లెలో నా స్నేహితుడి మిద్దె మీద చాపలు పరిచి కూర్చుంటే, చాప ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాల్సి వచ్చింది. చుట్టూ గాలిమరలు. చీకట్లో మరలు కనబడవు. వాటి నెత్తిన ఎర్ర దీపాలు మాత్రం అన్నీ ఒక్కసారి వెలిగి, అన్నీ ఒక్కసారి ఆరుతుంటాయి.

స్నేహితుడు ట్రాన్స్‌మిషన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరైన ఇంజినీరు. సగం కాలం సబ్‌స్టేషన్లలో, సగం కాలం లోడ్ డిస్పాచ్‌లో. ఆ రాత్రి వచ్చినవాడు అతని అక్క కొడుకు, గాలి కరెంటు కంపెనీలో ప్రాజెక్టులు చూస్తాడు. నేను తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఇంటికి కరెంటు ఎట్లా వస్తుందో నాకు తెలియదు, ఎప్పుడు పోతుందో తెలుసు. అందుకని ఈ పంచాయితీలో నేను పెద్దమనిషిని కాదు, ఒట్టి సాక్షిని.

తగువు మొదలుపెట్టింది అల్లుడే.

అల్లుడు: మీవాళ్ళు మళ్ళీ అడ్డం పడ్డారు మామా. మరలు నిలబడ్డాయి, లైను లాగేశాం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చుంది. కొత్త సైటును గ్రిడ్‌కు కలపండయ్యా అంటే రియాక్టివ్ చాలదు, అది పుట్టించే స్టాట్‌కామ్ పెట్టుకుని రమ్మంటున్నారు. నేను అమ్మేది యూనిట్లు. నాకు డబ్బు రాలేది వాటికే. వార్లు కొనేవాడు ఒక్కడూ లేడు. ఎవరూ కొనని సరుకుకు కోట్లు పోసి కార్ఖానా పెట్టమంటే ఎట్లా?

మామ: మీవాళ్ళు అనకప్పా, నేనిప్పుడు పెన్షన్‌దారుణ్ణి. అయినా వాళ్ళడిగింది తప్పు కాదు. సంత లోపల అంగడి పెట్టినవాడు సంత సుంకం కట్టాల్సిందే.

ఇక్కడ నేను అడ్డు తగిలి, అసలీ వార్ అంటే ఏమిటో చెప్పి కొట్లాడుకోండని అడిగాను.

మామ: కపిల బావి చూశావు కదా చిన్నప్పుడు. ఎద్దులు వాలుబాటలో ముందుకు దిగితే బాన పైకొచ్చి నీళ్ళు కాలవలో పడతాయి. ఆ తర్వాత ఎద్దులు వెనక్కి నడిచి మళ్ళీ బావి గట్టుకు రావాలి. ఆ వెనక నడకకు ఒక్క చెంబు నీళ్ళు రావు. కానీ అది లేకపోతే రెండో బాన లేదు. మోటారుకు గానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు గానీ లోపల అయస్కాంత క్షేత్రం ఉండాలి. దాన్ని కట్టడానికి కొంత శక్తి లోపలికి పోతుంది, అది సడలినప్పుడు తిరిగి బయటికొస్తుంది. పోతూ వస్తూ ఉంటుందే తప్ప ఖర్చు కాదు. అదే రియాక్టివ్, దాన్ని కొలిచేది వార్లలో. నీళ్ళు రాకపోయినా బాటను వాడుకుంటుంది కదా, అట్లా తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఆ కరెంటును కూడా మొయ్యాలి.

అల్లుడు: ఎద్దులు సెకనుకు వంద సార్లు వెనక్కి నడవవు మామా.

మామ: అందుకే అన్నేళ్ళు బతికాయి. సరే, ఉపమానం పక్కన పెట్టు. ఫ్రీక్వెన్సీ దేశమంతటికీ ఒకటే. కాశ్మీరంలో ఎంతో కల్యాణదుర్గంలోనూ అంతే. వోల్టేజి అట్లా కాదు, ఏ ఊరిది ఆ ఊరిదే. దాన్ని పట్టి నిలబెట్టేది రియాక్టివ్. వార్లు చాలకపోతే వోల్టేజి కుంగుతుంది, ఎక్కువైతే పొంగుతుంది. పోనీ దూరం నుంచి తెప్పించుకుందామా అంటే కుదరదు. పెద్ద లైన్లలో రెసిస్టెన్స్ కంటే రియాక్టెన్స్ చాలా ఎక్కువ, వార్లను దూరం తోలితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. నీ మర ఆగిపోతే ఆ మెగావాట్లు రామగుండం నుంచైనా వస్తాయి. ఉరవకొండ బస్సుకు కావలసిన వార్లు ఉరవకొండలోనే పుట్టాలి.

(సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ వచ్చి కలిసే లావు కడ్డీలను వీళ్ళు బస్సు అంటారు. ఇది నాకు చాలా సేపటికి అర్థమైంది. అంతదాకా ఉరవకొండ బస్సుకు వార్లెందుకని ఆలోచిస్తూ కూర్చున్నాను.)

మామ: నువ్వు బాగా తిప్పిన రోజు డిస్పాచ్‌వాళ్ళు థర్మల్ యూనిట్లను తగ్గిస్తారు, కొన్నింటిని ఆపేస్తారు. వాటితో పాటు అవిచ్చే వార్లూ పోతాయి. ఒకడి చోటులో కూర్చున్నవాడు వాడి పనులు కూడా చెయ్యాలా వద్దా?

అల్లుడు: జీతం కూడా ఇస్తే చేస్తాను. ఆ మాట తర్వాత. మీకు మా మీద ఉన్న అనుమానమంతా పాత మరల వల్ల వచ్చింది, ముందు అది ఒప్పుకో.

మామ: అనుమానం కాదు, అనుభవం. రామగిరి కొండల మీద తొంభైలలో పెట్టిన మరలు, అటు తమిళనాట ముప్పందల్ మరలు, అన్నీ ఇండక్షన్ జనరేటర్లే. అంటే మన బోరు మోటారునే గాలితో ఇంకొంచెం వేగంగా తిప్పడం. దానికి సొంత అయస్కాంతం ఉండదు. మెగావాట్లు ఇస్తూనే వార్లు గ్రిడ్ నుంచి తాగుతుంది. గాలి పెరిగితే దాహం కూడా పెరుగుతుంది. ఆ దాహానికి మర పక్కన కెపాసిటర్లు పెట్టారు, మెట్లు మెట్లుగా ఎక్కేవి. గాలికి మెట్లు ఉండవు కదా. కెపాసిటర్ ఒక మెట్టు ఎక్కేసరికి గాలి తగ్గేది. ఇంకో ముచ్చట చెప్తా. వోల్టేజి పడితే కెపాసిటర్ ఇచ్చే వార్లు వోల్టేజి వర్గం లెక్కన పడతాయి. పది శాతం పడితే పందొమ్మిది శాతం తగ్గుతాయి. అవసరం ముదిరినప్పుడే చెయ్యిచ్చే చుట్టం అది.

అల్లుడు: అందుకే గదా తమిళనాడు రెగ్యులేటర్ వార్లకు రేటు కట్టింది. లాగిన వార్లు అమ్మిన యూనిట్లలో పది శాతం లోపైతే కిలోవార్-అవర్‌కు 25 పైసలు, దాటితే 50 పైసలు. పాత మరకు అది న్యాయమే. ఇప్పుడు నేను పెట్టేవి అవి కావు. ఒక రకంలో రోటర్ వైపు కన్వర్టర్ ఉంటుంది, మర సామర్థ్యంలో మూడో వంతు దాకా. ఇంకో రకంలో కరెంటు మొత్తం కన్వర్టర్ గుండానే బయటికి వస్తుంది. వార్లు ఇవ్వమంటే ఇస్తుంది, లాగమంటే లాగుతుంది, మిల్లీసెకన్లలో. రెండో రకాన్ని సరిగ్గా అమర్చుకుంటే గాలి లేకపోయినా ఆ పని చేస్తుంది. తాత చేసిన అప్పుకు మనవడి దగ్గర వడ్డీ వసూలు చేస్తే ఎట్లా?

మామ: అదే మాటను తిప్పి చూడు. చెయ్యలేనివాడికి మినహాయింపు, చెయ్యగలిగినవాడికి నిబంధన. అమెరికాలో జరిగింది అదే. 2005లో వాళ్ళ ఫెడరల్ రెగ్యులేటర్ 661 నంబరు ఉత్తర్వులిచ్చినప్పుడు, గాలి కేంద్రం నుంచి రియాక్టివ్ తప్పనిసరని స్టడీలో తేలితేనే అడగమంది. మిగతావాళ్ళకు లేని మినహాయింపు అది, మరలకు ఖర్చెక్కువవుతుందని ఇచ్చింది. 2016లో 827 నంబరు ఉత్తర్వుతో తీసేసింది. కన్వర్టర్లు వచ్చాయి, ఖర్చు దిగింది, ఇక అందరితో పాటు మీరూ అంది. మన దగ్గర కేంద్ర విద్యుత్ అథారిటీ 2007లో గ్రిడ్ కనెక్టివిటీ ప్రమాణాలు రాసింది, గాలికీ సౌరానికీ విడిగా 2013 సవరణలో చేర్చింది. పవర్ ఫ్యాక్టర్ 0.95 లాగింగ్ నుంచి 0.95 లీడింగ్ దాకా, అంటే వార్లు ఇచ్చే వైపూ తీసుకునే వైపూ, అదీ అవసరాన్ని బట్టి మారుతూ. నువ్వు టెండర్ వేసేనాటికి ఆ కాగితం ఉంది. చూడలేదంటే ఎవరిది తప్పు?

అల్లుడు: చూశాను. మరలు అమ్మినవాడి కాగితం మీదా 0.95 ఉంది. రెండు కాగితాలూ కలిశాయనుకున్నాను.

మామ: ఏ వోల్టేజి దగ్గర?

అల్లుడు మాట్లాడలేదు. కింద ఎవరో ఆవును పక్కకు కట్టేస్తున్న చప్పుడు వినిపించింది. మామ గొంతులో ఒక్కసారిగా మాస్టారు మేల్కొన్నాడు, ఆ గొంతు నాకు బాగా పరిచయం.

మామ: వంద మెగావాట్ల కేంద్రం అనుకో. 0.95 అంటే 33 మెగావార్లు ఇవ్వగలగాలి. మర కాళ్ళ దగ్గర 690 వోల్టులుంటాయి. అక్కణ్ణుంచి 33 కేవీకి ఒక ట్రాన్స్‌ఫార్మర్, పూలింగ్ సబ్‌స్టేషన్‌లో 33 నుంచి 220కి ఇంకోటి. మొదటిదాని ఇంపెడెన్స్ ఆరు శాతం అనుకో, రెండోదానిది పన్నెండు. ఫుల్ లోడ్ మీద ఆ రెండూ కలిపి దగ్గరదగ్గర 20 మెగావార్లు మింగుతాయి. మరల దగ్గర 33 పుట్టిస్తే 220 దగ్గర చేరేది 13. నిబంధన కొలిచేది అక్కడ, ఇంటర్‌కనెక్షన్ పాయింట్ దగ్గర. అక్కడ 33 చూపించాలంటే మరల దగ్గర 53 కావాలి. అంటే మర దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.88కి దిగుతుంది. నీ సప్లయర్ 0.95 దగ్గరే ఆగిపోయాడు. ఆ 20 మెగావార్ల లోటే నీ స్టాట్‌కామ్.

అల్లుడు: లెక్క నాకు తెలుసు మామా, కడుపుమంట వేరే. వార్లు ఊరికే రావు. 53 మెగావార్లు పుట్టించాలంటే కన్వర్టర్‌లో కరెంటు పదమూడు శాతం పెరగాలి. నడివేసవిలో మర నెత్తిన నాసెల్ లోపల వేడికి అది ఇవ్వలేకపోతే మెగావాట్లు తగ్గించుకోవాలి. ఇంకోటి చూడు. నిబంధన అడిగేది అన్ని వేళలా అని చదువుకుంటున్నారు మీవాళ్ళు. 220 కేవీ బస్సు 245 దగ్గర ఉన్నప్పుడు నేను 33 మెగావార్లు లోపలికి తొయ్యగలనని రుజువు చెయ్యాలా? పొంగుతున్న పాలకు కట్టె ఎగదొయ్యమని ఎవరైనా అడుగుతారా? తొయ్యబోతే నా మరల దగ్గర వోల్టేజి పరిమితి దాటి అవే ట్రిప్ అవుతాయి.

మామ: అది నిజమే. యూరప్ వాళ్ళ కోడ్‌లో వోల్టేజి ఒక పక్క, వార్లు ఒక పక్క వేసి మూలలు కోసిన పెట్టె గీస్తారు. వోల్టేజి ఎక్కువున్నప్పుడు ఇవ్వక్కర్లేదు, తక్కువున్నప్పుడు లాగక్కర్లేదు. ఒక్క అంకె రాసి ఊరుకుంటే మనిషికొక అర్థం వస్తుంది. అట్లాంటి బొమ్మ ఒకటి గీసిస్తే సగం తగువులు తీరతాయి.

అల్లుడు: రాసుకో సార్, మామ ఒకటి ఒప్పుకున్నాడు.

మామ: రాసుకో, రెండోది కూడా రాసుకో. లాగే వైపు వీళ్ళకు దాదాపు ఉచితం. ఫుల్ లోడ్ మీద ట్రాన్స్‌ఫార్మర్లే 20 మింగుతాయి కదా, మరలు ఇంకో 13 లాగితే నిబంధన తీరిపోతుంది. దాని మాట ఎప్పుడూ ఎత్తడు. గాలి ఆగిన రాత్రి కథ మారుతుంది. లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆకలుండదు. లైను మాత్రం ఊరుకోదు, 220 కేవీ లైను కిలోమీటరుకు ఇంతని వార్లు తనే పుట్టిస్తుంది. నలభై కిలోమీటర్ల లైనైతే ఐదారు మెగావార్లు. మన పక్క రైతుకు పగటిపూట తొమ్మిది గంటలు కరెంటు. రాత్రి మోటార్లన్నీ పడుకున్నాక ఆ వార్లు తాగేవాడుండడు. అర్ధరాత్రి డిస్పాచ్‌లో కూర్చున్నవాడికి వోల్టేజి పడుతుందని కాదు భయం, లేస్తుందని.

నాకు ఇది కొత్త. కరెంటు గురించి మన ఫిర్యాదులన్నీ తక్కువైందనే. ఎక్కువై చెడేదొకటి ఉందని ఇంట్లో బల్బులు టప్పుమన్న రోజునే తెలుస్తుంది. ఒక దేశం మొత్తం అట్లా చెడిందని తర్వాతి మాటల్లో విన్నాను.

మామ: స్పెయిన్ సంగతి చదివావు కదా. 2025 ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:33. స్పెయిన్, పోర్చుగల్ రెండూ చీకటి. మిట్టమధ్యాహ్నం, ఎండ బ్రహ్మాండంగా ఉంది, కరెంటు తక్కువై కాదు. వోల్టేజి ఎక్కువై. వోల్టేజి లేచింది, లేచిందని కొన్ని కేంద్రాలు ట్రిప్ అయ్యాయి, అవి పోయేసరికి ఇంకా లేచింది, ఇంకొన్ని పోయాయి. తీగమీది కాకుల్లాగా లేచిపోయాయి. అక్కడ గాలీ సౌరమూ వోల్టేజిని పట్టుకునే పనిలో లేవు. అందుకే చెప్తున్నా, మీరంతా ఆ పనిలోకి రావాలని.

అల్లుడు: నేనూ అదే కేసు చెప్పబోతున్నాను మామా, అటు వైపు నుంచి. వాళ్ళు పనిలో లేరన్నావు. ఎందుకు లేరు? అక్కడి నిబంధనే వాళ్ళను పవర్ ఫ్యాక్టర్ బిగించి కూర్చోమంది. వోల్టేజి చూసుకునే పని పెద్ద సింక్రనస్ యూనిట్లది, మీది కాదు అంది. ఫలితం చూడు. పవర్ ఫ్యాక్టర్ బిగించిన కేంద్రం వంద మెగావాట్లు ఇస్తూ 20 మెగావార్లు లాగుతోందనుకో. మార్కెట్ ధర పడిందనో ఇంకెందుకో మెగావాట్లు యాభైకి తగ్గించింది. నిష్పత్తి ప్రకారం లాగుడు కూడా పదికి తగ్గిపోతుంది. వోల్టేజి లేస్తున్న వేళ లాగేవాడు చెయ్యి సగానికి సడలించాడు. రూల్ తప్పి కాదు, తు.చ. తప్పకుండా పాటించి. ఆ పని మీద ఉన్న సంప్రదాయ కేంద్రాల సంగతి? కొన్ని లాగాల్సినంత లాగలేదని వాళ్ళ ప్రభుత్వ నివేదికే రాసింది. గాలికీ సౌరానికీ వోల్టేజి కంట్రోల్ అప్పజెప్పే కొత్త నిబంధన చీకటి పడ్డాక, జూన్‌లో ఆమోదించారు.

మామ: నేనన్నదీ అదే కదా, అప్పజెప్పాలని.

అల్లుడు: నువ్వన్నది అంకె. నేనంటున్నది నడవడి. మీవాళ్ళు 0.95 ఉందా లేదా అని కమిషనింగ్ రోజున ఒక సర్టిఫికెట్ అడుగుతారు. ఉందని చూపిస్తాను. మర్నాటి నుంచి ఆ 33 మెగావార్లను ఎప్పుడు, ఎంత, ఎవరు చెప్తే వాడుతున్నానో అడిగేవాడెవడు? శక్తి ఉండటం వేరు, శక్తి పనిలో ఉండటం వేరు. బస్సు వోల్టేజి చూసుకుని దానంతటదే వార్లు పెంచుకుని తగ్గించుకునే డ్రూప్ పెట్టమనండి, దానికి రోజూ లెక్క చూడండి. అప్పుడు నా అంకె 0.95 అయినా 0.96 అయినా గ్రిడ్‌కు పెద్ద తేడా లేదు.

ఈ వాదనకు మామ దగ్గర వెంటనే జవాబు రాలేదు. మజ్జిగ చెంబు అందుకుని చాలాసేపు తాగాడు. ఆయన అంత నెమ్మదిగా తాగడం నేనెప్పుడూ చూడలేదు.

మామ: వేగంగా స్పందించడమే మంచిదనుకోకు. ఇంగ్లండులో 2019 ఆగస్టు 9, సాయంత్రం ఐదుకు ఎనిమిది నిమిషాలుంది. పిడుగు పడి లైను ఒకటి క్షణంలో పోయి వచ్చింది. రోజూ జరిగేదే. హార్న్‌సీ అనే సముద్రపు గాలి కేంద్రం దానికి స్పందించింది, నువ్వు చెప్పే వోల్టేజి కంట్రోల్‌తోనే. ఆ కంట్రోల్ తనలో తాను ఊగిపోయింది. బలహీనమైన గ్రిడ్ మీద ఎక్కువ హుషారు పడితే అంతే, ఊయలను తప్పుడు సమయంలో తోసినట్టు. 737 మెగావాట్లు ఒక్క క్షణంలో పోయాయి. అదే సమయానికి లిటిల్ బార్‌ఫర్డ్‌లో ఒక గ్యాస్ కేంద్రం పోయింది. ఫ్రీక్వెన్సీ 48.8కి దిగింది, పది లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు కోసేశారు. అందుకే మీ కంట్రోల్ మోడల్ కంప్యూటర్లో నడిపి చూపించమని అడుగుతున్నారు ఇప్పుడు. అదీ గుదిబండేనంటావు నువ్వు.

అల్లుడు: గుదిబండ కాదు. మోడల్ ఇచ్చాను. దాన్ని నడిపి చూసే మనిషి మీ దగ్గర ఎంతమంది ఉన్నారని మాత్రం అడిగాను. ఆ మాటకొస్తే రియాక్టివ్ కరువు గాలిమరతో పుట్టింది కాదు. 2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికా ఈశాన్యంలో ఐదు కోట్ల మంది చీకట్లో కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం ఓహాయోలో వోల్టేజి కుంగుతుంటే ఈస్ట్‌లేక్‌లో బొగ్గు యూనిట్ నుంచి ఇంకొన్ని వార్లు పిండబోయారు, అది ట్రిప్ అయింది. ఆ కేసులో ఒక్క రెక్క కూడా లేదు.

మామ: లేదు. ఎవరున్నా వార్లు కావాల్సిందేనని దానర్థం.

లైను మీద షార్ట్ అయినప్పుడు మర ఏం చెయ్యాలన్నదాని మీద ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. అక్కడ తగువు లేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. వోల్టేజి పదిహేను శాతానికి పడినా మూడు వందల మిల్లీసెకన్లు పట్టుకుని నిలవాలి, ఆ సమయంలో వీలైనంత రియాక్టివ్ కరెంటు ఇవ్వాలి. పాత మరలు ఆ క్షణంలో దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేవట. అసలు కుండ పగిలింది డబ్బు దగ్గర.

అల్లుడు: ఇప్పుడు జీతం మాట. ఇంగ్లండులో పెద్ద కేంద్రాలు ఇచ్చే, లాగే మెగావార్-అవర్‌కు ఇంతని గ్రిడ్ ఆపరేటర్ డబ్బు కడతాడు. నిబంధన ఉంది, కూలి కూడా ఉంది. ఇక్కడ నిబంధన ఉంది, కూలి లేదు. పైపెచ్చు జరిమానా.

మామ: అమెరికా పేరు చెప్పవేం? 2024 అక్టోబరులో 904 నంబరు ఉత్తర్వు. నిర్ణీత పవర్ ఫ్యాక్టర్ పరిధి లోపల ఇచ్చే రియాక్టివ్‌కు విడిగా డబ్బు చెల్లించేది లేదని తేల్చేశారు. అది గ్రిడ్‌కు తగులుకున్నవాడి మర్యాద, సరుకు కాదని.

అల్లుడు: అక్కడ అంతకు ముందు ఏళ్ళ తరబడి చెల్లించారు కాబట్టే ఆపగలిగారు.

మామ: మన సంగతి చెప్తా విను. 2004 తర్వాత ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు రైతుకు నాలుగు షరతులు పెట్టాం. ఐఎస్ఐ మోటారు, మంచి ఫుట్‌వాల్వు, నున్నటి పైపు, కెపాసిటర్. నేనే ఊరూరా తిరిగాను. ఆ డబ్బా పెడితే నీకేమీ రాదు రెడ్డీ, లైను మీద వోల్టేజి బాగుంటుంది, నీ పక్కోడి మోటారు కాలదు అని చెప్పాను. కెపాసిటర్‌కు రైతు దగ్గర డబ్బు తీసుకున్నామే గానీ కూలి ఇవ్వలేదు. ఐదు హెచ్‌పీ మోటారువాడికి చెప్పిన నీతి వంద మెగావాట్లవాడికి చెప్పకూడదా?

అల్లుడు: ఎంతమంది పెట్టారు మామా?

మామ: ...

అల్లుడు: చెప్పు.

మామ: పెట్టించుకున్నారు. కొందరు కొన్నాళ్ళకు తీసేశారు. కొందరివి పాడైతే మార్చలేదు.

అల్లుడు: నీకేమీ రాదని నువ్వే చెప్తివి కదా. లాభం లేని చోట నీతి ఎన్నాళ్ళు నిలుస్తుంది? నా లెక్క విను. వోల్టేజి పొంగిన రాత్రి నేను వార్లు లాగితే గ్రిడ్‌కు మేలు. మీ మీటరు ఏం చేస్తుంది? లాగాడని రాసుకుంటుంది. వోల్టేజి ఎంతున్నప్పుడు లాగానో దానికి పట్టదు. రాష్ట్రాల మధ్య లెక్కలో ఆ తెలివి ఉంది. వోల్టేజి 97 శాతం లోపున్నప్పుడు లాగితే కట్టాలి, 103 దాటినప్పుడు లాగితే ఎదురు వస్తుంది. ఆ తెలివి నా ఒప్పందం దాకా దిగి రాలేదు. గాలి లేని రాత్రి నా కన్వర్టర్లు మీకోసం మేలుకుని ఉంటే వాటి నష్టాలకు నేను గ్రిడ్ నుంచి కరెంటు తీసుకోవాలి, దానికి హెచ్‌టీ రేటు కట్టాలి. మేలు చేసినందుకు రెండు బిల్లులు.

మామ: పరిధి లోపల ఊరికే ఇవ్వాలన్న మాట నేను వదలను. పరిధి దాటి అడిగితే, మెగావాట్లు తగ్గించుకుని వార్లు ఇమ్మంటే, ఆ పోయిన యూనిట్లకు డబ్బివ్వాలి. మీటరుకు వోల్టేజి చూసే కళ్ళు పెట్టాలి. ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే అన్నాను.

అల్లుడు: అని?

మామ: అన్నాను, అంతే.

అంతలో చినుకులు మొదలయ్యాయి. సీమ చినుకు, నేలను తడుపుతుందన్న నమ్మకం లేనిది. గాలి ఒక్కసారిగా పడిపోయింది. రాళ్ళు తీసేసినా చాప కదల్లేదు. చాపలు చుట్టి మెట్ల గది చూరు కిందకు జరుగుతుండగా అల్లుడి ఫోన్ మోగింది. మూడేళ్ళుగా నడుస్తున్న వాళ్ళ పాత సైటు నుంచి షిఫ్ట్ ఇంజినీరు. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కాడు.

“సార్, గాలి పడిపోయింది. 220 బస్సు 242 చూపిస్తోంది. డిస్పాచ్ నుంచి ఫోన్, వార్లు లాగమంటున్నారు.”

“ఎంత లాగుతున్నాం?”

“సున్నా సార్.”

“సున్నా ఏంటి? వోల్టేజి మోడ్‌లో ఉంటే అదే లాగాలి కదా. ఏ మోడ్‌లో ఉంది?”

“పవర్ ఫ్యాక్టర్ మోడ్ సార్. యూనిటీ.”

“ఎప్పట్నుంచి?”

“కమిషనింగ్ నుంచీ అంతే సార్. రియాక్టివ్ బిల్లు రాకూడదు, యూనిటీలో పెట్టి ముట్టుకోవద్దని మెయిల్ ఉంది.”

“ఎవరు పెట్టారు ఆ మెయిల్?”

అవతల కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. “మీరే సార్.”

మామ నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఫోన్ దగ్గరికి వంగి, అల్లుడితో మెల్లగా అన్నాడు: “ఒక్క దెబ్బలో మోడ్ మార్చనీకు. డిస్పాచ్‌వాడికి చెప్పి మార్చమను. ముందు డ్రూప్ ఎంత పెట్టారో, సెట్‌పాయింట్ ఎంతో చూడమను. పక్క సైటువాడు కూడా అదే బస్సు మీద ఉన్నాడు కదా, ఇద్దరూ ఒకేసారి లాగితే ఊగుతుంది.”

అల్లుడు ఆ మాటలే ఫోన్‌లో తిరిగి చెప్పాడు. అవతల కీబోర్డు చప్పుడు, ఇంకెవరితోనో ల్యాండ్‌లైన్‌లో మాట్లాడుతున్న గొంతు. చినుకు ఆగిపోయింది. మేం ముగ్గురం మెట్ల మీద నిలబడి, రేడియోలో క్రికెట్ స్కోరు విన్నట్టు, ఆ కుర్రాడు చదువుతున్న అంకెలు విన్నాం.

“రెండు వందల నలభై రెండు... నలభై రెండే సార్... నలభై ఒకటిన్నర... నలభై ఒకటి.”

అల్లుడు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“మీటరు?”

“తిరుగుతోంది సార్.”